శ్రీకాకుళం నుంచి టెక్కలికి రోజూ వంద కిలోమీటర్లు: కారులో ఎంత సీసీ ఇంజిను ఉండాలి?

నాగావళి గట్టు (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో కాపురం ఉంటూ టెక్కలిలోని ఒక బ్యాంకు శాఖలో పనిచేస్తున్నాను. పోను యాభై, రాను యాభై, వెరసి రోజుకు వంద కిలోమీటర్లు పదహారో నంబరు జాతీయ రహదారి మీద తిరుగుతున్నాను. ఇంతకాలం సగం రోజులు ఆర్టీసీ బస్సులోను, సగం రోజులు నా పాత 796 సీసీ కారులోను నెట్టుకొచ్చాను. ఆ కారును నేను తప్పుపట్టను. పిల్లవాడి బడికి, రైతుబజారుకు అంత వీలైన బండి మరొకటి లేదు. కానీ నరసన్నపేట దాటిన తరువాత గ్రానైటు దిమ్మలు మోసుకుపోయే ట్రాలీని దాటవలసి వచ్చినప్పుడు, యాక్సిలరేటరు నేలకు అదిమినా బండి తనకు తోచినప్పుడే కదులుతుంది. గంటకు 90 కిలోమీటర్ల దగ్గర ఇంజిను చేసే రొదకు పాటలు పెట్టుకోవడం మానేసి చాలాకాలమైంది.

ఇప్పుడు కొత్త కారు కొనాలనుకుంటున్నాను. అన్ని ఖర్చులూ కలిపి పన్నెండు లక్షలు మించకూడదు, కనీసం పదేళ్లు వాడుకోవాలి. శాఖలో అడిగితే తలా ఒక మాట చెప్పారు. వెయ్యి సీసీ చాలు, మిగిలిన డబ్బు డిపాజిట్ చేసుకోమని మేనేజరుగారు అన్నారు. హైవేకు డీజిలు తప్ప ఇంకేదీ పనికిరాదని క్యాషియరుగారు అన్నారు. ఇద్దరిదీ తప్పేనని, టర్బో పెట్రోలు తీసుకోమని మా బావమరిది అంటున్నాడు. సీసీ పెరిగితే మైలేజీ పడిపోతుందన్న భయం ఒకవైపు, చిన్న ఇంజినును రోజూ ఉరికిస్తే త్వరగా అరిగిపోతుందన్న భయం మరొకవైపు పట్టుకున్నాయి.

నేను 100 దాటించే మనిషిని కాను. పని రోజుల్లో కారులో నేనొక్కడినే ఉంటాను. నెలకు రెండు ఆదివారాలు మాత్రం అమ్మానాన్నలు, భార్య, అబ్బాయితో కలిసి ఆమదాలవలస మీదుగా పాలకొండ వైపు ఉన్న మా సొంతూరికి వెళ్తాము. ఈ వాడకానికి ఎంత సీసీ సరిపోతుందో, కారణంతో సహా చెప్పగలరని కోరుతున్నాను.

గంటస్తంభం

నమస్కారమండీ. మాది విజయనగరం. నేను ఐదేళ్లుగా ఆనందపురం మీదుగా విశాఖపట్నానికి ఉద్యోగానికి వెళ్లి వస్తున్నాను. నా కారు టర్బో లేని 998 సీసీ పెట్రోలు, 67 హార్స్‌పవర్. మీ మేనేజరుగారు చెప్పిన బండి సరిగ్గా ఇదే కనుక నా అనుభవం మీకు పనికిరావచ్చు.

అది సరిపోదని నేను అనను. ఒక్కడినే వెళ్లేటప్పుడు 80 మీద నిలబెడితే రోజంతా నడుస్తుంది, లీటరుకు 20 కిలోమీటర్ల పైనే ఇస్తుంది. ఐదేళ్లలో ఇంజినుకు నూనె, ఫిల్టర్లు మార్చడం తప్ప మరేమీ చేయలేదు కాబట్టి, చిన్న ఇంజిను హైవే మీద త్వరగా అరిగిపోతుందన్న భయం మీరు పెట్టుకోనక్కరలేదు. నిలకడైన వేగంతో సాగే ప్రయాణం ఏ ఇంజినుకైనా ఊళ్లో ఆగుతూ పోయే ప్రయాణం కంటే మేలే.

అరిగేది మనమే. 100 దగ్గర ఐదో గేరులో కూడా నా బండి నిమిషానికి మూడు వేల చుట్లు దాటి తిరుగుతుంది. ఆ హోరు వెళ్లేటప్పుడు తెలియదు. సాయంత్రం ఇంటికి చేరి భోజనానికి కూర్చున్నాక కూడా చెవిలో మోగుతూ ఉంటుంది. ఇక నలుగురు ఎక్కి, ఏసీ వేసుకుని ఎండాడ దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు మూడో గేరుకు దింపక తప్పదు. నెలకోసారి విశాఖ వెళ్లేవారికి ఇదే కారు కొనమని చెబుతాను, రోజూ వెళ్లేవారికి మాత్రం చెప్పను. నేను మళ్లీ కొంటే 1200కు తగ్గను.

చుట్టుకొలత

నేను మెకానికల్ ఇంజనీరింగు బోధిస్తాను. ప్రశ్నలో సీసీ, శక్తి, వేగం మూడూ ఒకటిగా కలిసిపోయాయి కనుక ముందు వాటిని విడదీయవలసి ఉంది.

సీసీ అంటే పిస్టన్లు పైనుంచి కిందికి దిగినప్పుడు సిలిండర్లలో ఏర్పడే ఖాళీ మొత్తం. అది పాత్ర కొలతే గాని అందులో ఉడికేదాని కొలత కాదు. టర్బో ఉన్న ఇంజిను అదే పాత్రలోకి గాలిని అదిమి పంపుతుంది కనుక 998 సీసీ నుంచే 120 హార్స్‌పవర్ రాబట్టగలుగుతుంది. టర్బో లేని 1197 సీసీ ఇంజిను బండిని బట్టి 82కి, 90కి మధ్య ఆగిపోతుంది. కాబట్టి రెండు రకాలనూ సీసీతో పోల్చడం కుదరదు.

ఇక హైవే మీద అసలు ఎంత శక్తి కావాలి? టన్ను బరువుండే చిన్న కారును చదునైన రోడ్డు మీద 80 వేగంతో నిలబెట్టడానికి చక్రాల దగ్గర సుమారు 10 హార్స్‌పవర్ చాలు. 100కు సుమారు 17, 120కి సుమారు 26 కావాలి. ఏసీ మరో మూడు నుంచి ఐదు తింటుంది. మీ పాత 796 సీసీ బండిలో కూడా 100కు కావలసినదానికి రెట్టింపు శక్తి ఉంది. వేగాన్ని నిలబెట్టడం ఏ ఇంజినుకూ భారం కాదు. ఈ అంకెల్లో గమనించవలసిన విషయం మరొకటి ఉంది: గాలి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది, అంటే 80 నుంచి 100కు పోతే ప్రతి కిలోమీటరుకు గాలితో చేసే పోరాటం ఒకటిన్నర రెట్లకు మించుతుంది. మైలేజీ విషయంలో 1000 సీసీకి, 1200 సీసీకి మధ్య ఉన్న తేడా కంటే 80కి, 100కు మధ్య ఉన్న తేడాయే పెద్దది. సీసీ పెరిగితే మైలేజీ పోతుందని భయపడేవారు ముందు తమ కుడికాలి సంగతి చూసుకోవాలని మా విద్యార్థులకు చెబుతుంటాను.

మరి మీ బండి ట్రాలీని దాటలేక ఎందుకు ఇబ్బంది పడుతోంది? నిలబెట్టడానికి ఖర్చయిన శక్తి పోను మిగిలినదే వేగం పెంచడానికి పనికివస్తుంది, ఆ మిగులు మీ బండిలో తక్కువ. పైగా ఇంజిను తన పూర్తి శక్తిని ఐదారు వేల చుట్ల దగ్గరే ఇస్తుంది. మనం నడిపేది రెండున్నర, మూడు వేల దగ్గర. ఆ చోట ఎంత లాగగలదో చెప్పేది టార్క్. 1197 సీసీ మామూలు పెట్రోలులో అది సుమారు 114 న్యూటన్ మీటర్ల వరకు ఉంటుంది. టర్బో పెట్రోలులో 170 ఉంటుంది, అదీ పదిహేను వందలు, రెండు వేల చుట్ల నుంచే అందుతుంది. 1497 సీసీ డీజిలులో బండిని బట్టి 200 నుంచి 300 దాకా ఉంటుంది.

మనుషులతో కలిపి 1300 కిలోలుండే బండిని 80 నుంచి 100కు పెంచాలనుకోండి. మూడు వేల చుట్ల దగ్గర మామూలు 1.2 లీటర్ల (అంటే 1197 సీసీ) ఇంజినుకు దాదాపు ఎనిమిది సెకన్లు, టర్బోకు దాదాపు నాలుగున్నర సెకన్లు పడతాయని నా లెక్క. ఆ ఎనిమిది సెకన్లలో బండి 200 మీటర్లు పోతుంది. గేరు దింపి నాలుగున్నర వేల చుట్ల మీద లాగితే మామూలు ఇంజిను కూడా ఈ తేడాను చాలావరకు పూడుస్తుంది, కాకపోతే అరుస్తుంది.

ఇక్కడే మీరు గమనించని సంగతి ఒకటుంది. టెక్కలి రోడ్డు మధ్యలో డివైడరు ఉంది, ఎదురుగా ఎవరూ రారు. ట్రాలీని దాటడానికి నాలుగు సెకన్లు ఎక్కువ పట్టినా వెనకవాడు హారను కొడతాడు, అంతకుమించి ముప్పు లేదు. అదే ఆమదాలవలస దాటిన తరువాత పాలకొండ రోడ్డు మీద ఐదుగురితో, వెనక బియ్యం బస్తాతో, ఎదురుగా బస్సు వస్తుండగా ధాన్యం ట్రాక్టరును దాటవలసి వచ్చినప్పుడు ఆ 200 మీటర్లు చాలా పెద్ద దూరం. మీరు ఇంజినును వెతుకుతున్నది హైవే కోసం, కానీ మీకు పెద్ద ఇంజిను అవసరమయ్యేది ఆదివారం రోడ్డు మీద. రోజువారీ ప్రయాణానికి మాత్రమే అయితే మామూలు 1.2 పెట్రోలు నిస్సందేహంగా చాలు.

మడపం వంతెన

చుట్టుకొలత గారు శక్తి లెక్క చెప్పారు, నేను డబ్బు లెక్క చెబుతాను. మాది నరసన్నపేట. నాలుగేళ్లుగా 1497 సీసీ డీజిలు కారులో పైడిభీమవరం పారిశ్రామికవాడకు వెళ్తున్నాను.

మీరు నెలకు 22 రోజులు వంద కిలోమీటర్ల చొప్పున తిరిగితే ఏడాదికి 26,400 కిలోమీటర్లు అవుతుంది. పెట్రోలు కారు లీటరుకు 18 ఇస్తుందనుకుంటే 1,467 లీటర్లు, లీటరు 110 రూపాయల లెక్కన లక్షా 61 వేలు. డీజిలు కారు 22 ఇస్తుందనుకుంటే 1,200 లీటర్లు, 98 రూపాయల లెక్కన లక్షా 18 వేలకు లోపు. ఏడాదికి 43 వేల పైచిలుకు మిగులుతుంది. ఒకే కారులో పెట్రోలుకు, డీజిలుకు మధ్య లక్ష నుంచి లక్షన్నర వరకు ధర తేడా ఉన్నా రెండున్నర నుంచి మూడున్నర ఏళ్లలో అది తీరిపోతుంది. మీరు వాడబోయేది పదేళ్లు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌లో పెట్రోలు కంటే శక్తి మూడోవంతు తక్కువ కనుక లీటరుకు దొరికే శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. 18 కూడా నిదానంగా నడిపితేనే వస్తుందని గుర్తుంచుకోండి.

సీసీ విషయంలో ప్రభుత్వం గీసిన గీతలు కూడా తెలుసుకోవాలి. నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలైతే 1200, డీజిలైతే 1500 సీసీ మించని కార్లనే చిన్న కార్లుగా లెక్కిస్తారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వాటికి జీఎస్టీ 18 శాతం, అంతకు మించినవాటికి 40 శాతం. మన షోరూముల్లో ఎక్కడ చూసినా 1197, 1199, 1497 అనే అంకెలే కనిపించడానికి కారణం ఇంజినీర్ల అభిరుచి కాదు, ఈ గీతలే. బీమాలో గీతలు వేరు. 2022లో ప్రకటించిన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 1000 సీసీ వరకు 2,094 రూపాయలు, 1500 వరకు 3,416, ఆ పైన 7,897. అంటే 1498 సీసీకి, 1997 సీసీకి మధ్య తేడా పెద్దదే గాని 998 నుంచి 1197కు పోతే ఏడాదికి పడే అదనపు భారం 1,322 రూపాయలే. దానికోసం వెయ్యి సీసీకి దిగనక్కరలేదు.

ఇంజినుతో నిమిత్తం లేకపోయినా చెబుతున్నాను: 2025లో 3,000 రూపాయలకు వచ్చిన ఏడాది ఫాస్టాగ్ పాసు 200 దాట్లకే. రోజుకు రెండుసార్లు మడపం టోలుగేటు దాటే మీకు అది నాలుగున్నర నెలల్లో అయిపోతుంది. టోలుగేటుకు 20 కిలోమీటర్ల లోపు నివసించేవారికి ఇచ్చే నెలవారీ పాసు మీకు వర్తిస్తుందేమో కనుక్కోండి.

నాగావళి గట్టు

అందరికీ కృతజ్ఞతలు. పాలకొండ రోడ్డు సంగతి చదివాక నిజంగా ఆలోచనలో పడ్డాను. పోయిన సంక్రాంతికి బూర్జ దగ్గర ఒక ట్రాక్టరు వెనక పది నిమిషాలు నడిచి, మా నాన్నగారు వద్దంటున్నా దాటబోయి మళ్లీ వెనక్కి తగ్గిన రోజు గుర్తుకొచ్చింది. వెయ్యి సీసీ ఆలోచన మానుకున్నాను. ఇక మిగిలినవి మూడు: మామూలు 1.2 పెట్రోలు, టర్బో పెట్రోలు, 1.5 డీజిలు. టర్బో, డీజిలు బండ్లు పాతబడిన తరువాత మరమ్మతులకు ఎక్కువ ఖర్చు పెట్టిస్తాయని విన్నాను. షెడ్డులో పనిచేసిన అనుభవం ఉన్నవారు ఎవరైనా చెప్పగలరా?

పాత స్పానరు

నాకు శ్రీకాకుళంలో షెడ్డు ఉంది, ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని. డబ్బు లెక్క చెప్పినవారు మరమ్మతుల లెక్క వదిలేశారు కాబట్టి అది నేను చెబుతాను.

మామూలు 1.2 పెట్రోలు ఇంజినులో పాడవడానికి వస్తువులే తక్కువ. టర్బో ఇంజినుకు నూనె ప్రాణం; కంపెనీ చెప్పిన రకం నూనెను చెప్పిన గడువుకు ముందే మార్చేవారి టర్బోలు లక్ష కిలోమీటర్లు దాటినా బాగున్నాయి, చవక నూనె పోసి గడువు దాటించినవారివే నా దగ్గరకు వస్తాయి. హైవే మీద గట్టిగా నడిపి వచ్చి వెంటనే తాళం తిప్పేయకుండా ఒక నిమిషం ఇంజినును ఊరికే తిరగనివ్వాలి. టర్బో పెట్రోలును అదేపనిగా తొక్కితే చెప్పిన మైలేజీ కలలో కూడా రాదు. మీరు 100 దాటించని మనిషి కనుక మీకు ఆ బాధ ఉండదు.

డీజిలు విషయానికి వస్తే, 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పటి నుంచి పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటోంది. ఆ మసి కాలిపోవాలంటే గొట్టం బాగా వేడెక్కాలి, అంటే బండి ఆగకుండా కొంత దూరం పోవాలి. శ్రీకాకుళం ఊళ్లోనే, డే అండ్ నైట్ కూడలి నుంచి ఏడురోడ్ల కూడలి దాకా మాత్రమే తిరిగే డీజిలు కార్లలో ఆ ఫిల్టరు పూడుకుపోయి దీపం వెలిగితే, యజమానులు కంపెనీని తిడుతూ షెడ్డుకు వస్తారు. మీది ఒక్కో విడతకు యాభై కిలోమీటర్ల పరుగు కనుక ఆ ఫిల్టరుకు ఇంతకంటే మంచి వాడకం ఉండదు. కానీ రెండేళ్లలో మీకు శ్రీకాకుళానికే బదిలీ అయితే? బ్యాంకు ఉద్యోగం కదా, ఆ సంగతి నాకంటే మీకే బాగా తెలుస్తుంది. కొన్ని డీజిలు బండ్లలో పొగను శుద్ధి చేసే యూరియా ద్రావణం కూడా పోస్తూ ఉండాలి. ఇంజెక్టర్లు, పంపు పనికి వస్తే పెట్రోలు బండితో పోల్చలేనంత ఖర్చు అవుతుంది. మడపం వంతెన గారు చెప్పిన 43 వేలలో ఏటా పది వేలు పక్కన పెట్టుకుంటే ఆ లెక్క సరిపోతుందని నా అంచనా.

కొనేముందు షోరూమువారు చూపించే రెండు కిలోమీటర్ల చుట్టు తిరిగి రావద్దు. ఐదుగురిని ఎక్కించండి, ఏసీ వేయండి. నాలుగో గేరులో 60 నుంచి 90 వరకు లాగి చూడండి, ఐదో గేరులో 90 దగ్గర చుట్లు ఎన్ని ఉన్నాయో చూడండి. ఎన్ని హార్స్‌పవర్లో కాగితం మీద చదవడం కంటే ఈ రెండూ మీకు ఎక్కువ చెబుతాయి.

నాగావళి గట్టు

ఆలస్యంగా జవాబిస్తున్నందుకు మన్నించండి. పాత స్పానరు గారు చెప్పినట్లే ఇంటిల్లిపాదిని ఎక్కించుకుని మూడు కార్లూ నడిపి చూశాను. ఒక షోరూమువారు ముందు ఒప్పుకోలేదు. ఇవ్వకపోతే వేరే చోట కొంటానన్నాక ఆమదాలవలస వరకు ఇచ్చారు.

మామూలు 1.2 పెట్రోలు నేను ఒక్కడినే నడిపినప్పుడు నా పాత బండి ముందు ఏనుగులా అనిపించింది. ఐదుగురు కూర్చున్నాక 60 నుంచి 90కి పోవడానికి మూడో గేరుకు దింపవలసి వచ్చింది, వెనక సీటులో ఉన్న మా నాన్నగారు “ఎందుకురా అలా అరిపిస్తావు” అన్నారు. టర్బో పెట్రోలు, డీజిలు రెండూ గేరు మార్చకుండానే లాగాయి. డీజిలు 90 దగ్గర రెండు వేల చుట్ల చుట్టుపక్కలే ఉంది. ఆగి ఉన్నప్పుడు గరగర వినిపిస్తుంది గాని రోడ్డెక్కాక గాలి చప్పుడే ఎక్కువ.

బదిలీ గురించి పాత స్పానరు గారు అడిగిన ప్రశ్నే చివరకు తేల్చింది. నేను టెక్కలికి వచ్చి ఏడాదే అయింది, ఇంకా రెండేళ్లు ఇక్కడే ఉంటాను. ఆ తరువాత పలాస వేసినా, రణస్థలం వేసినా హైవే మీదే. సొంత ఊళ్లో వేస్తారన్న ఆశ మాకెవరికీ లేదు. అందుకే నాలుగు మీటర్ల లోపు 1497 సీసీ డీజిలుకే నిన్న అడ్వాన్సు కట్టాను. మామూలు 1.2 చాలన్న చుట్టుకొలత గారి మాట తప్పని కాదు. నెలకు రెండు ఆదివారాలు లేకపోతే అదే కొనేవాణ్ని. ఒక్క సందేహం మిగిలింది. కొత్త ఇంజినును మొదటి రోజు నుంచే హైవే మీద నడపవచ్చా?

పాత స్పానరు

నడపవచ్చు. మొదటి వెయ్యి కిలోమీటర్లు మాత్రం ఒకే వేగం మీద కాలు బిగించి కూర్చోకండి; 60కి, 85కి మధ్య మారుస్తూ ఉండండి. యాక్సిలరేటరు నేలకు అదమవద్దు, బరువు ఎక్కించి పాలకొండ వెళ్లవద్దు. మీ లెక్కన అది పది పని రోజులు. ఆ రెండు ఆదివారాలు మాత్రం అమ్మానాన్నలను మీ పాత బండిలోనే తీసుకెళ్లండి.